మందుకు మందు

సోమవారం పొద్దున తాడిపత్రిలో
ఏ బండ చూసినా నా తలకాయ మాదిరే ఉంటాది.
కోత మిషన్ ఆగినా
లోపల కోస్తానే ఉంటాది.

నిన్న కూలి దుడ్లు చేతిలో పడింది నిజం.
ఆ తర్వాత నిజాలు ఒక్కొక్కటే జారిపోయినాయి.
కాలికి చెప్పు ఒకటే ఉండాది.
అది నాది కాదు.

ఫ్యాక్టరీ గేటు ముందర, వేబ్రిడ్జి పక్కన
సుంకులక్క
మూడు కుండలు, రెండు చెంబులు, నోటినిండా తిట్లు
పెట్టుకుని కూర్చుంటాది.
తిట్లు ఊరికే. చింతనీళ్ళు పది రూపాయలు.
"మందు తాగేదానికి రెండొందలుంటాయి,
మందు దిగేదానికి పదుండవా రా?"

మందు.
ఎక్కించేదీ అదే, దించేదీ అదే.
ఈ మాట పెట్టినోడు ఎవడో గానీ
వానికీ సోమవారం తెలుసు.

ఎవడన్నా నోరు మూసుకుని గోడ పక్కకు పరిగెత్తితే
సుంకులక్క చేతులు తట్టి నవ్వుతాది.
"కక్కు నాయనా, కక్కు!"
పాపిష్టి ముండ, అనుకునేవాళ్ళం.

పగిలిన బండ తునకల మీద
ఎవని తలకాయ వాడు పట్టుకుని కూర్చుంటాం.
ధనేశ్వర్‌ది ఒడిశా.
రాత్రన్నంలో నీళ్ళు పోసి పెట్టుకుంటాడు.
అన్నం ముట్టడు ముందు. పైన పులిసిన నీళ్ళే,
కండ్లు మూసుకుని, తీర్థం తాగినట్ల.
"తొరాణి" అంటాడు.
సద్దినీళ్ళే కదరా అంటే
కాదు, తొరాణి అంటే తొరాణే.
వాళ్ళమ్మ పేరు తప్పు పలికినట్ల
మొగం పెట్టుకుంటాడు.

బీహార్ రామ్‌ఖెలావన్
వేయించిన శనగల పిండి, నిమ్మకాయ, ఉప్పు
గిరగిరా గిలకొట్టి ఎత్తుతాడు.
చూస్తే మిషన్ కింద కారే బండ బురదే.
ఒకసారి నాకూ పోసినాడు.
బండ బురద కాదు.

వాచ్‌మన్ టేక్‌బహదూర్ దగ్గర
కొండల నుంచి దిగొచ్చిన రేకు డబ్బా ఒకటుండాది.
పులియబెట్టి ఎండేసిన ఆకు. ఉడికితే
వానలో తడిసిన కంబళి వాసన.
అది మాత్రం ఎవరికీ పెట్టడు.
డబ్బా అడుగు కనపడితే వానికి దిగులు.

లారీ డ్రైవర్ పళనివేల్ వేరే.
ముల్లును ముల్లుతోనే తీయాలని
పొద్దున్నే ఇంకో క్వార్టర్ విప్పుతాడు.
పదేండ్లుగా తీస్తానే ఉండాడు.

చాంద్‌బాషా పాయా కొట్టు
తెల్లారక ముందే పొగలు కక్కుతా ఉంటాది.
మిరియాలు దంచి, నిమ్మకాయ పిండి,
"నోరు కాలేటప్పుడే తాగు" అంటాడు.
పుట్టినప్పటి నుంచి చుక్క ముట్టనోనికి
తాగినోని బాధ ఇంత ఎట్ల తెలుసు?
అడిగితే, గరిటె తిప్పుతా
"మా నాయన" అన్నాడు.
అంతే. ఆ పొద్దు దుడ్లు తీసుకోలేదు.

అక్కా, అన్నాను మొన్న,
నీ చింతనీళ్ళు ఎవరికన్నా పని చేయకుండా పోయినాయా?
ఏదో ఒకటి తిడతాదనే అడిగినా.
చెంబు కడుగుతా ఉండింది.
కడిగిందే మళ్ళా కడిగింది.

"ఒకసారి.
యాడికి పక్క మాకు మూడెకరాలుండె.
బుడ్డలు పీకితే మట్టే వచ్చిన ఏడు.
మా ఆయన చేనికి కొట్టే మందు తాగినాడు.
ఇట్లనే పిసికినా చింతపండు. మూడు చెంబులు.
ముక్కు మూసి పోసినా.
పండ్లు బిగబట్టి ఈ వేలు కొరికినాడే గానీ
కక్కలేదు."

చూపుడువేలు కణుపు మీద తెల్లటి మచ్చ.
పది రూపాయలు తీసుకునేటప్పుడు
రోజూ కనపడేదే.

"కక్కినోడు బతుకుతాడు రా.
పట్టు, చల్లారిపోతాది."

ఈ పొద్దు రెండు గుక్కలకే కడుపు తిరిగింది.
గోడ దాకా పోలేకపోయినా.
మోకాళ్ళ మీద వంగి, తెల్ల దుమ్ములో
నిన్నటిదంతా, మొన్నటిదీ.
ఫ్యాక్టరీ సైరన్ మోగుతాంది.
ఎనక చప్పట్లు.

తల ఎత్తకుండా విన్నా,
ఆగేదాకా.